శిక్షణకూ ఉపాధికీ నడుమ: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఇంజనీరింగ్ అప్రెంటిస్‌షిప్, ఉద్యోగాల తగ్గింపు – పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంజనీరింగ్ వృత్తులలో అప్రెంటిస్‌ల ఎంపిక, ఉద్యోగుల తొలగింపు అనేవి సాధారణంగా రెండు వేర్వేరు అంశాలుగా చర్చకు వస్తాయి. మొదటిది విద్యా, నైపుణ్యాభివృద్ధి రంగానికి, రెండవది కార్మిక చట్టాలకు చెందినదిగా భావించడం పరిపాటి. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి డెల్టా పట్టణాల యువకుల అనుభవంలో ఇవి ఒకే దారికి రెండు కొసలు. ఏడాది శిక్షణ ముగిసి బయటకు వచ్చిన యువకుడు చట్టం దృష్టిలో ఉద్యోగం కోల్పోయినవాడు కాడు. ఉద్యోగం పొందినవాడు కూడా కాడు. ఈ మధ్యస్థితి స్వరూపాన్ని చట్టం, నియామక ప్రకటనలు, యంత్రసాంకేతికతలో వచ్చిన మార్పు, తెలుగు పదజాలం అనే నాలుగు కోణాల నుండి వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అప్రెంటిస్‌షిప్, ఐటీఐ, డిప్లొమా, స్టైపెండ్, రిట్రెంచ్‌మెంట్, స్వచ్ఛంద పదవీ విరమణ, రైల్వే, ఆర్టీసీ, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి ప్రధాన రైల్వే కూడలి. విజయవాడ – గూడూరు ప్రధాన మార్గం మీద తెనాలి, బాపట్ల స్టేషన్లు ఉన్నాయి. తెనాలి నుండి చీలిన శాఖామార్గం రేపల్లెతో ముగుస్తుంది. మూడు పట్టణాలూ ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె ఆ జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది.

ఈ ప్రాంతంలో సాంకేతిక విద్యకు చెప్పుకోదగిన చరిత్ర ఉంది. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో, ఇంజనీరింగ్ కళాశాల 1981లో ఏర్పడ్డాయి. చదువుకు తగిన స్థాయిలో పెద్ద యంత్రపరిశ్రమ మాత్రం ఇక్కడ పెరగలేదు. బియ్యం మిల్లులు, పప్పు మిల్లులు, శీతల గిడ్డంగులు, రొయ్యల చెరువుల మోటార్లు, నిజాంపట్నం హార్బరులోని మరపడవలు, ఆర్టీసీ డిపోలు, విద్యుత్ పంపిణీ, రైల్వే – ఫిట్టరుకైనా ఎలక్ట్రీషియనుకైనా డీజిల్ మెకానిక్కుకైనా స్థానికంగా పని దొరికే చోట్లు ప్రధానంగా ఇవే. అందువల్ల ఐటీఐ గాని డిప్లొమా గాని పూర్తిచేసిన యువకుడి చూపు విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నైల వైపు సాగుతుంది. ఆ ప్రయాణంలో తొలి మజిలీ అప్రెంటిస్‌షిప్.

2. అప్రెంటిస్‌షిప్ – చట్ట స్వరూపం:

అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చి, 1962 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. మొదట ఇది చేతివృత్తి ట్రేడులకే పరిమితం. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులూ డిప్లొమా చదివినవారూ, 1986 సవరణతో వృత్తివిద్యా కోర్సులవారూ దీని పరిధిలోకి వచ్చారు. 2014 సవరణ సంస్థలు తమ అవసరం మేరకు రూపొందించుకొనే ఐచ్ఛిక ట్రేడులకు చోటు కల్పించింది. యజమానులకు జైలుశిక్ష విధించే నిబంధనను తొలగించి, ఉల్లంఘనలకు జరిమానాను మాత్రమే నిలిపింది.

2019లో సవరించిన నియమాల ప్రకారం ముప్పై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుండి ఇరవై తొమ్మిది మంది వరకు ఉన్న సంస్థకు ఇది ఐచ్ఛికం. కాంట్రాక్టు సిబ్బందితో కలిపి మొత్తం పనివారి సంఖ్యలో 2.5 శాతం నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లు ఉండవచ్చు. నెలసరి స్టైపెండ్ కనీస మొత్తాన్ని అర్హతను బట్టి 5,000 రూపాయల నుండి 9,000 రూపాయల వరకు అవే నియమాలు నిర్ణయించాయి. దీనిని 6,800 నుండి 12,300 రూపాయల శ్రేణికి పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మే నెలలో సిఫారసు చేసింది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. పట్టభద్రులకు, డిప్లొమావారికి ఉద్దేశించిన శిక్షణ పథకంలో నిర్ణీత కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వ వాటా. దక్షిణాది రాష్ట్రాలకు దీనిని చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి నిర్వహిస్తుంది.

ఈ అంకెలను మూడు పట్టణాల స్థితికి అన్వయిస్తే చట్టం చేరే దూరం తెలుస్తుంది. పదిమందితో నడిచే మిల్లు గాని, నలుగురైదుగురు పనిచేసే మెకానిక్ షెడ్డు గాని తప్పనిసరి నిబంధనకు లోబడవు. కాబట్టి చట్టబద్ధమైన అప్రెంటిస్‌షిప్ స్థానికంగా ఆర్టీసీ, రైల్వే, విద్యుత్ సంస్థల వంటి ప్రభుత్వ వ్యవస్థలకూ దూరప్రాంతపు కర్మాగారాలకూ పరిమితమవుతుంది. షెడ్డులో గురువు దగ్గర పని నేర్చుకొనే కుర్రవాడి శిక్షణ నిజమైనదే. అయితే దానికి ఒప్పందపత్రం లేదు, స్టైపెండ్ లేదు, జాతీయ అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రమూ లేదు.

3. శిక్షణార్థి ఎవరు? కార్మికుడు ఎవరు?

చట్టంలోని 18వ సెక్షన్ ఈ చర్చకు కేంద్రం. దాని ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తి మాత్రమే, కార్మికుడు కాడు. కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. భవిష్యనిధి, ఉద్యోగుల బీమా చట్టాల పరిధిలోనూ అతడు ఉండడు. పనిచోట ఆరోగ్యం, భద్రత, పనివేళలకు సంబంధించిన రక్షణలు, ప్రమాదంలో గాయపడితే నష్టపరిహారం మాత్రం అతనికి వర్తిస్తాయి.

పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 కార్మికుడికి ఇచ్చిన రక్షణలతో పోల్చితే ఈ భేదం స్పష్టమవుతుంది. కనీసం ఒక సంవత్సరం నిరంతరంగా పనిచేసిన కార్మికుడిని మిగులు సిబ్బందిగా తొలగించాలంటే 25-ఎఫ్ సెక్షన్ ప్రకారం నెల రోజుల నోటీసు గాని దానికి బదులు వేతనం గాని ఇవ్వాలి. పూర్తిచేసిన ప్రతి సంవత్సరానికీ పదిహేను రోజుల సగటు వేతనాన్ని పరిహారంగా చెల్లించాలి. చివర చేరినవారిని ముందు తొలగించాలన్నది 25-జి సెక్షన్ సూత్రం. మళ్ళీ ఖాళీలు ఏర్పడితే తొలగించినవారికి ప్రాధాన్యం ఇవ్వాలన్నది 25-హెచ్ సెక్షన్ సారం. 1984 సవరణ మాత్రం గడువుతో కూడిన ఒప్పందం ముగిసి, పునరుద్ధరణ జరగని సందర్భాన్ని రిట్రెంచ్‌మెంట్ నిర్వచనం నుండి మినహాయించింది. పారిశ్రామిక సంబంధాల స్మృతి, 2020 వచ్చాక ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమయ్యే కర్మాగారపు పరిమితి వంద మంది నుండి మూడువందల మందికి పెరిగింది. తొలగింపునకు గురైన కార్మికుడికి పదిహేను రోజుల వేతనంతో సమానమైన పునఃశిక్షణ నిధి కూడా అందులో చేరింది. ఈ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. అక్కడ కూడా అప్రెంటిస్ కార్మికుడి నిర్వచనానికి వెలుపలే ఉన్నాడు.

శిక్షణ మధ్యలో ఆగిపోతే అప్రెంటిస్‌కు కొంత రక్షణ ఉంది. యజమాని లోపం వల్ల ఒప్పందం రద్దయితే చివరిగా అందుకొన్న స్టైపెండ్‌కు మూడు నెలల మొత్తం పరిహారంగా రావాలి. ఆ యజమాని తన బాధ్యత నెరవేర్చలేని స్థితిలో పడితే, 5వ సెక్షన్ ప్రకారం పరస్పర అంగీకారంతో ఒప్పందాన్ని మరో యజమానికి మార్చవచ్చు. గడువు సక్రమంగా ముగిసినవాడికి మాత్రం నోటీసూ లేదు, పరిహారమూ లేదు. చట్టం దృష్టిలో అక్కడ జరిగింది తొలగింపు కాదు, శిక్షణ పూర్తి కావడం.

శిక్షణ తరువాతి ఉద్యోగం గురించి 22వ సెక్షన్ చెబుతుంది. 2014 సవరణ తరువాత దాని ప్రకారం ప్రతి యజమానీ తన వద్ద శిక్షణ పూర్తిచేసినవారి నియామకానికి సొంత విధానాన్ని రూపొందించుకోవాలి. విధానం ఉండాలన్నదే నిబంధన; ఉద్యోగం ఇచ్చి తీరాలన్నది కాదు. శిక్షణ తరువాత అదే సంస్థలో పనిచేయాలన్న షరతు ఒప్పందంలో ఉన్నప్పుడే ఉద్యోగం చూపవలసిన బాధ్యత యజమానిపై పడుతుంది.

ఈ విషయంలో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ వివాదంలో సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. తక్కిన అర్హతలు సమానమైనప్పుడు నేరుగా వచ్చిన అభ్యర్థి కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలనీ, ఉపాధి కల్పన కార్యాలయం సిఫారసు అవసరం లేదనీ, వయోపరిమితి గురించి నియమాలు మౌనంగా ఉంటే శిక్షణ కాలం మేరకు సడలింపు ఇవ్వాలనీ, శిక్షణ పొందినవారి జాబితాను సంవత్సరాల వారీగా నిర్వహించాలనీ ఆ తీర్పు సూచించింది. ప్రాధాన్యం ఫలించాలంటే ముందు ఖాళీ ప్రకటన వెలువడాలి. నియామకాలే లేని సంవత్సరాలలో ఆ ప్రాధాన్యం కాగితానికే పరిమితమవుతుంది.

4. ఎంపిక ధోరణులు – రైల్వే, ఆర్టీసీ:

దక్షిణ మధ్య రైల్వే 2022 డిసెంబరులో 4,103 మంది, 2024 డిసెంబరులో 4,232 మంది అప్రెంటిస్‌ల ఎంపికకు ప్రకటనలు ఇచ్చింది. ఇందులో రాతపరీక్ష ఉండదు. పదవ తరగతి మార్కుల, ఐటీఐ మార్కుల సగటు ఆధారంగా ఎంపిక జరుగుతుంది. విజయవాడ సమీపంలోని రాయనపాడు వర్క్‌షాపు, విజయవాడ లోకోషెడ్లు, సికింద్రాబాదు పరిధిలోని లాలాగూడ వర్క్‌షాపు వంటివి డెల్టా యువకులకు పరిచితమైన శిక్షణ కేంద్రాలు.

రైల్వేలో శిక్షణ పూర్తిచేసినవారికి లెవెల్-1 ఖాళీలలో 20 శాతం కేటాయింపు ఉంది. అయితే వారు కూడా మిగిలిన అభ్యర్థుల వలెనే కంప్యూటర్ ఆధారిత పరీక్ష రాయాలి. నేరుగా ఉద్యోగాలు ఇవ్వాలన్న కోరికతో శిక్షణ పొందినవారు 2018 మార్చి 20న ముంబయిలో దాదర్ – మాటుంగా మధ్య లోకల్ రైళ్లను అడ్డుకొన్నారు. దేశవ్యాప్తంగా చర్చకు వచ్చిన ఆ సంఘటనకు మూలం ఈ నిబంధనే.

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. 2025 జనవరిలో దేశమంతటికీ వెలువడిన లెవెల్-1 ప్రకటనలో ఖాళీలు 32,438. వాటిలో 20 శాతం 6,500కు లోపు. ఒక్క దక్షిణ మధ్య రైల్వే ఒక్క ప్రకటనలో తీసుకోదలచిన అప్రెంటిస్‌లే 4,232 మంది. దేశంలోని ఇతర జోన్లు, రైలుపెట్టెల, ఇంజన్ల తయారీ కర్మాగారాలు కూడా తమ తమ అప్రెంటిస్‌లను తీసుకొంటాయి. అంతకుముందరి లెవెల్-1 ప్రకటన 1,03,769 ఖాళీలతో 2019లో వెలువడింది. రెండింటి మధ్య గడిచిన కాలంలో శిక్షణ పూర్తిచేసిన పలు బృందాలు ఒకే 20 శాతం కోసం నిరీక్షించాయి. శిక్షణకు పిలుపు తరచుగా, ఉద్యోగానికి పిలుపు ఏళ్ల విరామంతో రావడం ఈ ధోరణిలోని ప్రధాన లక్షణం. శిక్షణ పొందినవారు ఎక్కువై, ఖాళీలు తక్కువైనందువల్ల కాదు మాత్రమే, రెండింటి కాలక్రమం కుదరనందువల్ల కూడా నిరుద్యోగం ఏర్పడుతున్నది.

ఆర్టీసీ పరిస్థితి మరొక విధంగా ఉంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు చోట్లా డిపోలు ఉన్నాయి. డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, పెయింటర్, ఫిట్టర్ ట్రేడులలో ఐటీఐ చదివినవారిని సంస్థ అప్రెంటిస్‌లుగా తీసుకొంటుంది. ఇల్లు విడిచి పోనవసరం లేకుండా దొరికే శిక్షణ కావడం వల్ల అభ్యర్థులకు ఇది ఆకర్షణీయం. 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ప్రజారవాణా శాఖలో విలీనమయ్యారు. దానితో డిపో గ్యారేజీలోని శాశ్వతోద్యోగం విలువ పెరిగింది. అదే సమయంలో అద్దె బస్సులు, కాంట్రాక్టు పద్ధతిపై నడిచే విద్యుత్ బస్సుల నిర్వహణ బస్సు యజమాని లేదా ప్రైవేటు నిర్వాహకుడి బాధ్యత. సంస్థ సొంతంగా మరమ్మతు చేసుకొనే బస్సుల వాటాను బట్టే గ్యారేజీ కొలువులు ఉంటాయి. కాబట్టి అప్రెంటిస్ శిక్షణ పొందే గ్యారేజీకీ, తరువాత అతనికి పని దొరకగల గ్యారేజీకీ యజమాని ఒకరే కాకపోవచ్చు.

5. ఉద్యోగాల తగ్గింపు – యంత్రం మారినప్పుడు:

తెనాలి, బాపట్లల మీదుగా దక్షిణానికి సాగే రైలుమార్గంలోనే నెల్లూరు జిల్లా బిట్రగుంట ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అది పెద్ద లోకోషెడ్డుతో, రైల్వే కాలనీతో వెలిగిన ఊరు. ఆవిరి స్థానంలో డీజిలు, దాని స్థానంలో విద్యుత్తు రావడంతో ఆ షెడ్డు ప్రాభవం కోల్పోయింది. బాయిలరు పని తెలిసిన చేతులకు ఆ తెలివి ఇక అవసరపడలేదు. ఇప్పుడు అదే మార్పు డీజిల్ షెడ్ల వంతుకు వచ్చింది. విద్యుదీకరణ విస్తరించడంతో డీజిల్ షెడ్లు విద్యుత్ ఇంజన్ల నిర్వహణకు మళ్లుతున్నాయి. డీజిల్ మెకానిక్ ట్రేడును ఎంచుకొనే నేటి విద్యార్థి బిట్రగుంట చరిత్రను తెలుసుకోవడం అవసరం. బస్సు, పడవ, ట్రాక్టరు ఉన్నంతవరకు ఆ ట్రేడుకు పని ఉంటుంది. రైలు షెడ్డులో దాని భవిష్యత్తు మాత్రం క్రమంగా కుదించుకుపోతున్నది.

సాంకేతికత వల్ల కాక సంస్థ ఆర్థికస్థితి వల్ల జరిగే తగ్గింపు మరొక రకం. హైదరాబాదులోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ మూసివేతకు కేంద్ర మంత్రిమండలి 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ పథకం వర్తింపజేసింది. బీఎస్ఎన్ఎల్‌లో 2020 జనవరి 31న ఒక్కరోజే 78,569 మంది స్వచ్ఛంద పదవీ విరమణ పొందారు. డెల్టా పట్టణాలలో టెలిఫోన్ కార్యాలయపు ఉద్యోగం ఒక తరానికి స్థిరత్వానికి గుర్తుగా ఉండేది. ఈ విరమణతో ఆ గుర్తు చెరిగిపోయింది.

స్వచ్ఛంద విరమణ కూడా చట్టరీత్యా రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. దీనివల్ల రెండు కొసలలో ఒకే విధమైన ఫలితం కలుగుతున్నది. పై వయసు ఉద్యోగి వెళ్లిపోవడం 'స్వచ్ఛందం', కింది వయసు అప్రెంటిస్ వెళ్లిపోవడం 'గడువు ముగింపు'. రెండింటిలోనూ ఒక చెయ్యి పనిచోటును విడిచిపెట్టింది. రెండూ తొలగింపుల లెక్కలో కనిపించవు. విరమణ వల్ల ఏర్పడిన ఖాళీని శాశ్వత నియామకంతో భర్తీ చేయకపోతే, ఆ పనిలో కొంత కాంట్రాక్టు సిబ్బంది మీద, కొంత అప్రెంటిస్‌ల మీద పడే అవకాశం ఉంటుంది. అప్రెంటిస్‌ల సంఖ్యకు చట్టం 15 శాతం గరిష్ఠ పరిమితి పెట్టడంలోని ఔచిత్యం ఇక్కడే తెలుస్తుంది. శిక్షణార్థి శాశ్వత కార్మికుడికి చౌకైన ప్రత్యామ్నాయం కారాదన్నది ఆ పరిమితి ఆంతర్యం.

6. ప్రకటనల తెలుగు – పదాల వల్ల కలిగే భ్రమ:

ఈ సమస్యకు భాషాపరమైన పార్శ్వం కూడా ఉంది. అప్రెంటిస్‌ల ఎంపికను తెలుగు వార్తలు, కోచింగ్ కేంద్రాల ప్రచారాలు తరచుగా 'పోస్టులు', 'కొలువులు', 'ఖాళీలు', 'భర్తీ' అన్న మాటలతో తెలుపుతాయి. 'ఖాళీ' అన్న మాటకు ఒకరు ఖాళీ చేసిన ఉద్యోగస్థానమన్న అర్థం రూఢమై ఉంది. 'కొలువు' రాజాస్థానపు సేవ నుండి నేటి ప్రభుత్వోద్యోగం వరకు స్థిరత్వాన్ని స్ఫురింపజేస్తూ వచ్చిన పదం. ఏడాది శిక్షణకు ఈ మాటలు వాడినప్పుడు చదివే కుటుంబం దానిని ఉద్యోగంగానే గ్రహిస్తుంది. శిక్షణ ముగిసి కుమారుడు ఇంటికి వస్తే, ఉద్యోగం పోయిందనే భావిస్తుంది. చట్టం ప్రకారం అది పోవడం కాదు. కుటుంబ అనుభవంలో మాత్రం అది పోవడమే.

రిట్రెంచ్‌మెంట్, లేఆఫ్, స్వచ్ఛంద విరమణ, గడువు ముగింపు అనే నాలుగు వేర్వేరు స్థితులను తెలుగు వాడుక 'తీసేశారు' అన్న ఒక్క మాటతో సరిపెడుతుంది. లేఆఫ్ అంటే భారతీయ చట్టంలో తాత్కాలికంగా పని చూపలేకపోవడం. ఉద్యోగ సంబంధం అక్కడ తెగిపోదు, అర్హుడైన కార్మికుడికి సగం వేతనం పరిహారంగా రావాలి. సాఫ్ట్‌వేర్ రంగపు వార్తల ద్వారా ఈ మాట శాశ్వత తొలగింపు అన్న అర్థంలో స్థిరపడింది. తన స్థితికి సరైన పేరు తెలియనివాడు తనకు రావలసిన హక్కును సరైన సెక్షన్ కింద అడగలేడు. పదం విషయంలో జరిగే పొరపాటు పరిహారం విషయంలో నష్టంగా మారుతుంది.

తెలుగులో వృత్తిపదాల సేకరణకు గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాన్ని 1962లో వ్యవసాయంతో ప్రారంభించి, 1971లో చేనేతతో కొనసాగించింది. యంత్రవృత్తుల భాష కూడా అంతటి శ్రద్ధకు తగినదే. మెకానిక్ షెడ్డులో కుర్రవాడు హెల్పరై, హెల్పరు మేస్త్రీ కావడంలో ఒక శిక్షణక్రమం ఉంది. చట్టంలోని అప్రెంటిస్, షెడ్డులోని హెల్పరు ఒకే పనిని నేర్చుకొంటున్నా, ఒకరికి ధ్రువపత్రం దక్కి మరొకరికి దక్కకపోవడానికి పని కారణం కాదు. ఆ పనికి పెట్టిన పేరు, ఆ పేరును నమోదుచేసిన కాగితం కారణం.

7. అధ్యాపకులకు, పరిశోధకులకు ఉపకరించే అంశాలు:

పై పరిశీలన నుండి కొన్ని ఆచరణాత్మక సూచనలు లభిస్తాయి. శిక్షణకు పంపే ముందు విద్యార్థికి నాలుగు విషయాలు స్పష్టం కావాలి: ఒప్పందం నమోదయిందా, స్టైపెండ్ ఎంత, శిక్షణ చివర లభించే ధ్రువపత్రం ఏది, సంస్థకు 22వ సెక్షన్ కింద నియామక విధానం ఉందా. ఆ విధానాన్ని అడిగి తెలుసుకోవడం ప్రశ్నించే సాహసం కాదు, చట్టం గుర్తించిన అంశం. ఇంటర్న్‌షిప్ పేరుతో వచ్చే అవకాశాలను అప్రెంటిస్‌షిప్‌తో కలపరాదు. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అప్రెంటిస్‌ల చట్టం కిందిది కాదు.

పరిశోధన పరంగా మూడు పట్టణాలలోనూ చేయదగిన పని ఉంది. షెడ్లలో, మిల్లులలో, హార్బరులో వాడే యంత్రవృత్తి పదాల సేకరణ, నియామక ప్రకటనల తెలుగు అనువాద పరిశీలన, శిక్షణ ముగించినవారి మౌఖిక కథనాల నమోదు వాటిలో ముఖ్యమైనవి. ఇవి తెలుగు శాఖలు సామాజిక శాస్త్ర శాఖలతో కలిసి చేయగల పనులు.

8. ముగింపు:

అప్రెంటిస్‌షిప్ వ్యర్థమని గాని, అదే ఉపాధి అని గాని చెప్పడం సరికాదు. పుస్తకంలో చదివిన పనిని చేతికి తెచ్చేది అదే. ధ్రువపత్రం 20 శాతం కేటాయింపునకు, సుప్రీంకోర్టు చెప్పిన ప్రాధాన్యానికి అర్హతను ఇస్తుంది. దాని విలువ నిలవాలంటే శిక్షణ ప్రకటనలకూ నియామక ప్రకటనలకూ మధ్య కాలసంబంధం ఏర్పడాలి, శిక్షణ పొందినవారి జాబితాలు సంవత్సరాల వారీగా అందుబాటులో ఉండాలి, కనుమరుగవుతున్న ట్రేడులలో చేరేవారికి ఆ సంగతి ముందుగానే తెలియాలి. వీటన్నిటికంటె ముందు, శిక్షణను శిక్షణ అనీ ఉద్యోగాన్ని ఉద్యోగమనీ వేరుచేసి చెప్పే తెలుగు అవసరం. రేపల్లెలో రైలెక్కే యువకుడు తాను ఏ ఒప్పందం మీద వెళ్తున్నాడో, అది ఎప్పుడు ముగుస్తుందో, ముగిసిన నాడు తనకు దక్కేదేమిటో తన భాషలో ముందే తెలుసుకొని వెళ్లగలగాలి.